మధ్యాహ్నం విమానంలో బావ

ఆ విమానాశ్రయంలో ఒకటే హాలు, ఒకటే కౌంటరు, ఒకటే గేటు. పొద్దున ఒక విమానం, మధ్యాహ్నం ఒక విమానం వచ్చి వెళ్తాయి. రెక్కల ముందు పంకాలు గిరగిరా తిరిగే చిన్న విమానాలు. కౌంటర్లో పెట్టెలు తూచి బోర్డింగ్ పాసులిచ్చే అమ్మాయే, ఆ పని కాగానే మైకు ముందుకెళ్ళి ప్రకటన చదివేది. చదివి, కోటు సర్దుకుంటూ గేటు దగ్గరికి పరిగెత్తి పాసులు చింపేది. "ఇక్కడా మీరేనా?" అని నవ్వే ప్రయాణికులతో "విమానం కూడా నన్నే నడపమంటే మాత్రం పారిపోతానండీ" అనేది.

ఊళ్ళో ఆమెను మైకమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది బావ. ఉద్యోగంలో చేరిన కొత్తలో గొంతు సాధన చేయాలని ఇంట్లో కూడా "ప్రయాణికులకు గమనిక, వంట సిద్ధంగా ఉంది" అని మెట్ల మీద నుంచి అరిచేది. బావ పడీ పడీ నవ్వి, "మైకమ్మా, నీ విమానం ఎప్పుడూ ఆలస్యమే కదే" అన్నాడు. అంతే, ఆ పేరు వీధిలోకి పాకింది, అక్కణ్ణించి ఊరంతా పాకింది.

అమ్మ పోయాక ఆమెను పెంచింది అక్కా బావలే. మేడ మీది గది ఆమెది. కింద అక్క, బావ, వాళ్ళ పాప. పాప రెండో తరగతి. అక్కకి బడి పక్కనే జెరాక్స్ షాపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ యంత్రం దగ్గర నిలబడి పని చేసేది. వేళ్ళకి ఎప్పుడూ నల్లటి పొడి అంటుకుని ఉండేది. ముక్కు మీద కోపం, చేతిలో పని, అదీ అక్క.

బావది డ్రైవింగ్ స్కూలు. ఊళ్ళో సగం మందికి కారు నేర్పింది తనే, మిగతా సగం మంది నేర్చుకోకుండానే నడుపుతున్నారు అనేవాడు. మైకమ్మకి స్కూటరు నేర్పిందీ అతనే. పక్కన పరిగెడుతూ, "రోడ్డు చూడవే, నన్ను చూడకు, నేనేం పడిపోను" అని కేకలేసేవాడు.

ఒక వానాకాలంలో, కొత్తగా నేర్చుకుంటున్న ఒకాయన కారు నడుపుతుండగా, సందులోంచి సైకిల్ మీద ఓ మనిషి అడ్డం వచ్చాడు. నేర్చుకునేవాడు కంగారుపడి బ్రేకుకి బదులు ఇంకోటి తొక్కాడు. ఆ కార్లో నేర్పేవాడి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. బావ దాన్ని తొక్కాడు. తొక్కేసరికి ఆలస్యమైపోయింది. సైకిలాయన అక్కడికక్కడే పోయాడు.

కేసు నడిచింది. ఎవరి తప్పూ లేదని తేలింది. సందులోంచి అంత వేగంగా వస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారన్నారు. నేర్చుకునే ఆయన కొన్నాళ్ళకి మామూలు మనిషయ్యాడు. బావ కాలేదు. స్కూలు బోర్డు పీకేశాడు, కారు అమ్మేశాడు. ఇంట్లో వంట, పాపని బడికి దింపడం, మైకమ్మ మర్చిపోయిన క్యారియరు విమానాశ్రయానికి తెచ్చివ్వడం, ఇవే అతని పనులయ్యాయి. పోయినాయన భార్యకి వాళ్ళుండే వీధి మొదట్లోనే కూరగాయల కొట్టు. ఆ కొట్టు దాటకుండా ఎక్కడికీ వెళ్ళడానికి లేదు.

"అయిందేదో అయింది. ఎన్నాళ్ళిలా? తప్పు లేదని వాళ్ళే చెప్పారు కదా," అనేది అక్క. తిట్టేది, బతిమాలేది, ఊరుకునేది. ఆమెకీ ఓపిక అయిపోతోందని మైకమ్మకి తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం విమానానికి కౌంటరు తెరిచింది. వరసలో పెద్దగా జనం లేరు. ఓ ముసలి దంపతులు, ఓ పెళ్ళి బృందం తాలూకు నలుగురైదుగురు, అక్క షాపు దగ్గరున్న బడి హెడ్మాస్టరు. వాళ్ళ వెనక బావ కనిపించాడు.

"బావా, క్యారియరు నేను తెచ్చుకున్నానుగా!" అంది దూరం నుంచే.

అతను హెడ్మాస్టరు పని అయ్యాక ముందుకొచ్చి, కౌంటరు మీద గుర్తింపు కార్డు పెట్టాడు. పక్కన ఫోను పెట్టాడు. ఫోన్లో టికెట్టు.

మైకమ్మ దాన్ని చూసింది, అతన్ని చూసింది. నవ్వబోయి ఆగిపోయింది.

"ఎక్కడికి బావా?"

"అందులో రాసుంది కదా."

"అదే, ఎందుకని?"

"వెనక జనం ఉన్నారు మైకమ్మా. పని కానివ్వు."

బావ పెట్టె తీసి తూకం మీద పెట్టాడు. పెళ్ళికి వెళ్ళొచ్చే మనిషి పెట్టె ఎంత బరువుంటుందో, చదువుకి వెళ్ళే పిల్లల పెట్టె ఎంత ఉంటుందో ఆమె చేతులకి తెలుసు. ఇది నాలుగు రోజుల బట్టల బరువు కాదు. తిరుగు టికెట్టు కోసం వెతికింది. లేదు.

"అక్కకి తెలుసా?"

"తెలీదు. నువ్వూ చెప్పకు. డ్యూటీలో ఉన్నావు, చెప్పకూడదు కూడా కదా."

అది నిజమే. ఎవరు ఏ విమానం ఎక్కారో బయటివాళ్ళకి చెప్పకూడదని చేరిన రోజే చెప్పారు. ఆ సంగతి ఓ రోజు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ గొప్పగా బావకి చెప్పింది తనే.

చేతులు వాటంతటవే పని చేశాయి. రోజూ అడిగే మాట నోట్లోంచి వచ్చేసింది.

"కిటికీ పక్కనా?"

"వద్దు," అన్నాడు బావ. "కిటికీ వద్దు."

పాసు అందుకున్నాడు. నడుచుకుంటూ తనిఖీ దాటి, అద్దాల గోడకి అవతలున్న లోపలి హాల్లోకి వెళ్ళి మూల కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత నిలబడ్డావిడ తన సంచి తూకం మీద పెట్టి, "అమ్మాయీ, ఇది చేత్తో పట్టుకెళ్ళచ్చా?" అని రెండుసార్లు అడిగితే గానీ మైకమ్మకి వినపడలేదు.

అప్పుడే పైనుంచి కబురొచ్చింది. అవతలి ఊళ్ళో కుండపోత వాన, విమానం ఇంకా అక్కణ్ణించి లేవనే లేదు. ఎప్పుడు లేస్తుందో చెప్పలేమన్నారు. మైకమ్మ మైకు ముందుకెళ్ళి ఆలస్యానికి చింతిస్తున్నామని చదివింది. చదువుతుంటే మొదటిసారిగా ఆమెకి ఆలస్యం మీద ఆశ పుట్టింది.

కౌంటరు మూసి లోపలి హాల్లోకి వెళ్ళింది. బావ పక్క కుర్చీలో కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. ఎవరైనా ఉన్నారా నీకు అక్కడ?"

అతను ఆమె వంక జాలిగా చూశాడు. "ఎవరూ లేరు. ఉంటే బాగుండేది. మీ అక్క తిట్టుకోడానికి ఓ మనిషైనా ఉండేది."

"మరి ఎక్కడుంటావు?"

"దిగాక చూసుకుంటా."

"బావా, నీకు మతి గానీ పోయిందా? పాప సంగతేంటి?"

"పొద్దున దింపాను. గేటు దగ్గర చెయ్యూపింది. నేనూ ఊపాను." చేతిలోని పాసుని అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ అన్నాడు, "కూరగాయల కొట్టావిడ నన్ను ఒక్క మాట అనదు, తెలుసా? ఒక్కసారి కూడా అనలేదు. నిన్న వెళ్తే టమాటాలు తూచి, పైన ఇంకొకటి వేసింది. పాప ఎలా చదువుతోందని అడిగింది. తిట్టినా బాగుండేది మైకమ్మా. మొహాన ఉమ్మినా తుడుచుకుని ఇంటికెళ్ళేవాణ్ణి."

"ఆవిడకి నీ మీద కోపం లేదు. అది మంచిదే కదా?"

"నాకు కాదు."

"ఇల్లు మారదాం. వేరే వీధికి వెళ్ళిపోదాం. నేను అక్కతో మాట్లాడతా."

"బ్రేకు నా కాలి కిందే ఉంది," అన్నాడు బావ. "ఆ సమయానికి నేను ఏం చూస్తున్నానో చెప్పనా? ఓ కొట్టు మీద కొత్త బోర్డు పెట్టారు. అక్షరాలు వంకరగా ఉన్నాయి. అవి చూసి నవ్వుకుంటున్నా. కోర్టులో ఎవరూ అడగలేదు. మీ అక్కకీ చెప్పలేదు. పాప నవ్వినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తోంది. ఇంట్లో పిల్ల నవ్వితే ఓర్వలేని వాడు ఆ ఇంట్లో ఎందుకు?"

మైకమ్మ అతని చేతి మీద చెయ్యి వేసింది. అతను చెయ్యి తీసుకోలేదు, కానీ ఆ చెయ్యి తనది కానట్టే ఊరుకున్నాడు.

ఆమె లేచి బయటికొచ్చింది. మేనేజరు గదిలో ఎవరూ లేరు. ఫోను చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. చెప్పకూడదన్న మాట గుర్తుంది. ఉద్యోగం పోతే పోయింది అనుకుంది. అక్క వస్తే, ఎదురుగా నిలబడి ఒక్కసారి అడిగితే, బావ ఆగుతాడు. అక్క మాట బావ ఎప్పుడు కాదన్నాడు గనక? నంబరు నొక్కింది.

"అక్కా, నువ్వు త్వరగా రా. బావ ఇక్కడున్నాడు. వెళ్ళిపోతున్నాడు."

అవతల జెరాక్స్ యంత్రం చప్పుడు. "వెళ్ళిపోవడమేంటే?" అంది అక్క. యంత్రం ఇంకా కాగితాలు కక్కుతూనే ఉంది.

అక్క వచ్చేసరికి ఆమె జుట్టంతా గాలికి రేగి ఉంది. షాపు మూయలేదు, ఎవరో కుర్రాళ్ళు కాపీల కోసం నిలబడి ఉంటే వాళ్ళనే చూస్తుండమని చెప్పి వచ్చేసింది. బుగ్గ మీద నల్లటి వేలి ముద్ర. తనిఖీ దగ్గరి కాపలా మనిషి చేయడ్డం పెట్టాడు.

"టికెట్టు లేకుండా లోపలికి పంపకూడదమ్మా."

"ఆయన నా మొగుడయ్యా!"

"ఎవరైనా సరే తల్లీ, నా ఉద్యోగం పోతుంది."

అక్క అద్దాల గోడ దగ్గరికి వెళ్ళింది. బావ మూల కుర్చీలో ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. అక్క అద్దం మీద అరచేత్తో కొట్టింది. పెళ్ళి బృందం వాళ్ళు తిరిగి చూశారు. హెడ్మాస్టరు చూసి, చూడనట్టు పేపరు ఎత్తుకున్నాడు. బావ తిరగలేదు.

"పిలువ్," అంది అక్క. "మైకులో పిలువ్ ఆయన్ని."

మైకమ్మ వెళ్ళి మైకు పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఎంతమంది పేర్లు చదివిందో. ఇప్పుడు బావ పేరు ఇంటిపేరుతో సహా చదివి, "దయచేసి కౌంటరు దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాము" అంది. హాలంతా వినపడింది. రెండోసారీ చదివింది. లోపల అందరి తలలూ అటు తిరిగాయి. బావ తల ఇంకాస్త వంగింది.

మేనేజరు ఎక్కణ్ణించో పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని నుదురు రుద్దుకున్నాడు.

"చూడమ్మా, మనిషి తాగి లేడు. టికెట్టుంది, కార్డుంది. ఏమని ఆపను? ఒంట్లో బాగాలేదని నువ్వు చెబితే చెప్పు, ఎక్కనివ్వను."

అక్క ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెప్పవే. బాగాలేదని చెప్పు. అబద్ధం కూడా కాదు."

మైకమ్మ నోరు తెరిచింది. ఈ రోజు ఆపితే రేపు పొద్దున ఇంకో విమానం ఉంది. అదీ కాకపోతే బస్సుంది. రోజూ ఆపుతారా? వాకిట్లో కాపలా కూర్చుంటారా?

"ఒక్కసారి నువ్వు ఫోన్ చెయ్యక్కా. నీతో మాట్లాడితే ఆగుతాడు," అంది.

అక్క ఫోన్ చేసింది. లోపల బావ జేబులోంచి ఫోను తీయడం, కాసేపు దాన్నే చూడడం అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నాయి. ఎత్తాడు. లేచి అద్దం దగ్గరికొచ్చాడు. మధ్యలో మందపాటి అద్దం, అటు ఒకరు ఇటు ఒకరు, ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు. బావ ఏమన్నాడో మైకమ్మకి వినపడలేదు. అక్క మాటలే వినపడ్డాయి.

"ఇంటికి రండి... నేనేం అనను. ఇంకెప్పుడూ ఏం అనను... నా మీద ఒట్టు... అయితే మమ్మల్నీ తీసుకెళ్ళండి, ఇప్పుడే బయల్దేరతా... ఎందుకు వద్దు?... పాపకి ఏం చెప్పను?... కాదు, మీరే చెప్పండి, ఏం చెప్పాలో... ఊఁ... ఊఁ..."

చాలాసేపు వింది. ఆ తర్వాత, "సరే," అంది. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుంది, అటువైపు పెట్టేశాడేమో అని. బావ అద్దం దగ్గరే నిలబడి ఉన్నాడు. అక్క చేత్తోనే బుగ్గ తుడుచుకుంది. ఆ నల్ల మరక మొహమంతా పాకింది. అది చూసి పెళ్ళి బృందంలో ఓ చిన్నపిల్ల కిసుక్కుమంది. వాళ్ళమ్మ దాన్ని గద్దించింది.

అక్క ఎవరి వంకా చూడకుండా వాకిలి దాటి వెళ్ళిపోయింది. స్కూటరు మొరాయించిన చప్పుడు, మళ్ళీ మళ్ళీ తొక్కిన చప్పుడు లోపలి దాకా వచ్చింది.

విమానం వచ్చింది. దిగేవాళ్ళు దిగారు. మైకమ్మ గేటు దగ్గర నిలబడి ఒక్కో పాసూ చింపుతోంది. బావ అందరికంటే చివర వచ్చాడు. పాసు చాపాడు. ఆమె అందుకోలేదు.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"మైకమ్మా, చింపు," అన్నాడు. గొంతులో విసుగు లేదు, కోపం లేదు. స్కూటరు నేర్పేటప్పుడు చెప్పినట్టే చెప్పాడు.

ఆమె చింపింది. అతను ఎండలో విమానం దాకా నడిచాడు. మెట్లెక్కేటప్పుడు ముందున్న ముసలావిడ తడబడితే భుజం పట్టుకుని ఎక్కించాడు. వెనక్కి తిరగలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అక్క పాపకి జడ వేస్తోంది. నాన్నకి దూరాన ఉద్యోగం దొరికిందని చెప్పిందట. పాప నమ్మింది. తనకేం తెస్తాడని అడుగుతోంది. పాప పుస్తకాలు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళేదాకా అక్క నోరు మెదపలేదు. దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటే తీస్తూ అంది:

"నాకెందుకు ఫోన్ చేశావే?"

మైకమ్మకి అర్థం కాలేదు. "ఆపుతావని, అక్కా."

"నువ్వు చెయ్యకపోయుంటే, సాయంత్రం ఇంటికొచ్చి చూసుకునేదాన్ని. చెప్పకుండా పోయాడు, చెబితే నేను ఆపేదాన్ని అనుకునేదాన్ని. అడిగుంటే ఆగేవాడే అనుకుంటూ ఎలాగోలా బతికేదాన్ని." వేళ్ళకి చుట్టుకున్న వెంట్రుకల్ని ఉండ చేసింది. "ఇప్పుడు అడిగాను. నలుగురిలో నిలబడి అడిగాను. అయినా పోయాడు. ఇక అనుకోడానికి నాకేం మిగిల్చావు?"

"నేను..."

"నీ తప్పని అనట్లేదు. నీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో. అయినా నిన్ను చూస్తే నాకు ఆ అద్దమే కనిపిస్తోంది. ఏం చెయ్యను చెప్పు?"

మైకమ్మ వంకర అక్షరాల బోర్డు సంగతి చెబుదామా అని ఒక్క క్షణం అనుకుంది. చెబితే అక్కకి ఊరటో, ఇంకో బరువో తేల్చుకోలేక ఊరుకుంది. తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు.

బావ మొదట్లో కొన్నిసార్లు పాపకి ఫోన్ చేశాడు. ఏం తిన్నావు, ఏం చదివావు అనడం, పాప గలగలా చెబుతుంటే మధ్యలో పెట్టేయడం. కొన్నాళ్ళకి ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. మైకమ్మ సెలవు పెట్టి బావ దిగిన ఊరు వెళ్ళింది. అక్కడి విమానాశ్రయంలో తనలాగే కోటు వేసుకున్న అమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి మర్యాదగా, "ప్రయాణికుల వివరాలు చెప్పకూడదండీ" అంది. బస్టాండు చుట్టుపక్కల గదులు అద్దెకిచ్చే చోట్ల ఫోటో చూపించి తిరిగింది. ఎవరూ గుర్తు పట్టలేదు. ఒకచోట మాత్రం ఓ ముసలాయన ఫోటోని చాలాసేపు చూసి, "నవ్వుతున్నాడే. ఇలాంటి మొహం ఇక్కడికి రాలేదమ్మా" అన్నాడు. అది పాత ఫోటో.

కూరగాయల కొట్టావిడకి సంగతి ఊళ్ళోవాళ్ళ వల్ల తెలిసింది. మైకమ్మని ఆపి, "నేను ఏమన్నానమ్మా ఆయన్ని? ఎప్పుడైనా ఏమన్నా అన్నానా?" అని అడిగింది. ఏమీ అనలేదని మైకమ్మ చెప్పింది. ఆవిడ నమ్మినట్టు లేదు. అప్పట్నుంచి అక్కనీ పాపనీ చూస్తే తక్కెడ వదిలేసి కొట్టు వెనక్కి వెళ్ళిపోతుంది. అక్క ఇప్పుడు కూరగాయలు ఎక్కడో దూరం నుంచి తెచ్చుకుంటోంది.

మైకమ్మ మేడ మీది గది ఖాళీ చేసింది. అక్క పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. విమానాశ్రయం దగ్గర ఓ గది చూసుకుంది. సెలవు రోజున వాళ్ళింటికి వెళ్తుంది. పాప పిన్నీ అంటూ ఒళ్ళో కూర్చుని కబుర్లు చెబుతుంది, నాన్న మాట ఎత్తదు. ఎత్తకూడదని ఎవరూ చెప్పలేదు, తనంతట తనే మానేసింది.

మొన్న వెళ్ళినప్పుడు అక్క కాఫీ తెచ్చింది. కప్పు కింద సాసరు పెట్టి తెచ్చింది. ఆ ఇంట్లో సాసర్లు చుట్టాలొస్తేనే తీస్తారు. మైకమ్మ కాఫీ తాగి, కప్పు కడగడానికి లేచింది.

"ఉండనీ," అంది అక్క, చెయ్యి చాపి కప్పు తీసుకుంటూ. "నేను చూసుకుంటాలే. నీకు ఆలస్యమవుతుందేమో."